ఎడమవైపు వెనక స్పీకరు

"మంచం తీసేస్తే ఈ గది ఇంత పెద్దదని ఇప్పుడు తెలుస్తోంది చూడు!" అన్నాడు భర్త, గది నడిమధ్య నిలబడి రెండు చేతులూ బార్లా చాపి.

ఆమె నేలమీద గొంతుక్కూర్చుని, మంచంకోళ్ళు ఆనిన చోట మిగిలిన నల్లటి మచ్చలను తడిగుడ్డతో రుద్దుతోంది. కాళ్ళవైపు మచ్చలు వదిలాయి. తలవైపువి మాత్రం గచ్చులోకి ఇంకిపోయినట్టున్నాయి, ఎంత రుద్దినా రాలేదు. అత్తగారు ఆ మంచంమీద మూడేళ్ళు పడుకుని, దానిమీదే పోయి ఏడాది దాటింది.

"ఇదిగో, వింటున్నావా? ఆ గోడకి తెర. ఇక్కడ సోఫా. చుట్టూ స్పీకర్లు. సినిమాహాలు దీనిముందు దిగదుడుపే."

"వింటున్నాను," అంది ఆమె.

వినడం ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. అత్తగారు మంచాన పడ్డాక ఆమె ఒళ్ళంతా చెవులు చేసుకునే బతికింది. వంటింట్లో కుక్కరు బుసకొడుతున్నా, పంపు ధారగా పడుతున్నా, వాటి అడుగునుంచి ఆ గదిలో మంచం కిర్రుమన్న చప్పుడును ఏరుకునేది. ఆ కిర్రు ఒత్తిగిలినందుకా, లేవబోతున్నందుకా అన్నది కూడా తెలిసిపోయేది. దగ్గు పొడిదో తడిదో, గ్లాసు కోసం చెయ్యి తడుముతోందో లేక నిద్రలో కదిలిందో, అన్నీ చెవికే అందేవి. స్నానం చేస్తూ మధ్యలో నీళ్ళు ఆపి వినేది. పనిమనిషిని మంచం దగ్గర కూర్చోబెట్టి వెళ్ళి ఆస్పత్రి మందుల కౌంటర్లో పనిచేసేటప్పుడు కూడా, ఎవరైనా వెనకనుంచి మూలిగితే చేతిలో మందుల చీటీ వదిలేసి గిరుక్కున తిరిగేది. "మీ ఒక కాలు ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుందండీ," అనేది ఇన్‌చార్జి, అందరిముందూ, నవ్వుతూనే. అలా అంటూనే ఆమెకు రావలసిన మందుల స్టోర్ బాధ్యతను ఆమె తర్వాత చేరిన మనిషికి ఇచ్చేసింది. "ఏమీ అనుకోకండి, మీకే సుఖమని," అని కూడా అంది.

ఆ మూడేళ్ళూ రాత్రి పిలుపులు వేరు. పగలు ఏం కావాలన్నా "అమ్మాయ్" అని కోడల్నే పిలిచే అత్తగారు, రాత్రి అయ్యేసరికి కొడుకును పిలిచేది. "చంటీ... చంటీ..." అని, గట్టిగా కూడా కాదు, పక్కనే ఉన్నవాణ్ణి పిలిచినట్టు. యాభై దాటిన ఆఫీసరును ఆ పేరుతో పిలవగలిగిన మనిషి లోకంలో ఆవిడ ఒక్కతే. చంటి లేచేవాడు కాదు. గోడవైపు తిరిగి, దుప్పటి చెవులదాకా లాక్కుని పడుకుని ఉండేవాడు. "నాకు నిద్ర పట్టిందంటే ఇల్లు మునిగినా తెలీదు, ఏం చేయను చెప్పు," అనేవాడు పొద్దున్నే, కాస్త నొచ్చుకున్నట్టు మొహం పెట్టి. అందుకని ఆమే లేచేది. గుమ్మంలో ఆమెను చూడగానే ఆవిడ కళ్ళల్లో వెలుగు ఒకటి టక్కున ఆరిపోయేది. "నువ్వా," అనేది. ఆ ఒక్క మాటతో కోపం రావాలి నిజానికి. ఆమెకు రాలేదు, జాలేసేది. "ఆయన అలసిపోయి పడుకున్నారు అత్తయ్యా, వినబడలేదు," అని చెప్పి, నీళ్ళు పట్టించి, పక్క సర్ది, నడుము కింద చెయ్యిపెట్టి ఒత్తిగిలజేసి వచ్చేది.

ఒకసారి ఆమె మందుల దుకాణం పక్కనే దొరికే పిలుపుగంట కొనుక్కొచ్చింది. నొక్కేది ఆవిడ దిండు దగ్గర, మోగేది తమ పడకగదిలో. దాన్ని భర్త రెండోరోజే ఊడబెరికి సొరుగులో పడేశాడు. "ఆ మోత గుండెల్లో గునపం దింపినట్టుంది. అమ్మ నోటితో పిలుస్తూనే ఉంది కదా, ఇంకెందుకిది?" అన్నాడు. గంటకు లేచే మనిషి పిలుపుకు లేవడేమిటని అప్పుడు ఆమెకు తోచలేదు. తోచేంత తీరిక లేదు.

ఆడపడుచు ఫోనులో అనేది: "అన్నయ్యకి అమ్మంటే ప్రాణం వదినా. ఆ స్థితిలో చూడలేకే గదిలోకి రాడు. మెత్తని మనసు తనది." మెత్తని మనసు లేనందుకే కాబోలు తను ఎత్తుతోంది, కడుగుతోంది, తుడుస్తోంది అనుకునేది ఆమె. అనుకుని ఊరుకునేది.

అత్తగారు పోయాక ఇంట్లో నిశ్శబ్దం వస్తుందనుకుంది. రాలేదు. పంపు కట్టేసినప్పుడు, మిక్సీ ఆపినప్పుడు, ఆ చప్పుడు తెగిన మరుక్షణంలో, వెనకనుంచి "చంటీ" అని వినబడేది. దయ్యమని ఆమె భయపడలేదు. కాళ్ళు మాత్రం వాటంతట అవే కదిలేవి. ఒక మధ్యాహ్నం గోరువెచ్చటి నీళ్ళ గ్లాసుతో ఖాళీగదిలో నిలబడి ఉండగా తెలివి వచ్చింది. వచ్చి ఎంతసేపయిందో, నీళ్ళు చల్లారిపోయి ఉన్నాయి. ఆ సంగతి భర్తకు చెప్పడం ఆమె చేసిన పొరపాటు.

"అంతా భ్రమ. ఆ గదిని అలా మ్యూజియంలా ఉంచుకుంటే ఇలాంటివే వస్తాయి," అన్నాడు. వారం తిరిగేసరికి మంచం వెళ్ళిపోయింది. గోడలు ముదురు బూడిదరంగుకు మారాయి. కిటికీకి వెలుతురు చొరబడని మందపాటి తెరలు వచ్చాయి. అంత రంగు వేసినా, తలుపు మూసి ఉంచితే, లోపల ఎక్కడో నొప్పుల మందు వాసన తిరుగుతూనే ఉండేది. "నాకేం రావట్లేదు," అన్నాడు భర్త, రెండుసార్లు ముక్కు ఎగబీల్చి.

స్పీకర్లు కొనడానికి ఆమెను కూడా తీసుకెళ్ళాడు. దుకాణంలో చల్లటి అద్దాలగది, నల్లటి పెట్టెలు, మధ్యలో ఒకే ఒక్క కుర్చీ. ఆ కుర్చీలో అతను కూర్చున్నాడు. ఆమె సంచీ పట్టుకుని గోడవారన నిలబడింది.

దుకాణమాయన ఓపిగ్గా చెప్పాడు. "చుట్టూ పెట్టేవాటిలో రెండు రకాలున్నాయి సార్. ఇవి ధ్వనిని అటూ ఇటూ చిమ్ముతాయి. ఏ మూలనుంచి వస్తోందో తెలియదు, గదంతా నిండినట్టుంటుంది. మీది చిన్నగది, గోడలు దగ్గర, మీకిదే నప్పుతుంది. ఇవేమో సూటిగా చెవిలోకి కొడతాయి. వెనక మనిషి నిలబడి మాట్లాడినట్టే ఉంటుంది. చిన్నగదిలో కాస్త ఉలిక్కిపడేలా చేస్తాయి."

"ఉలిక్కిపడాలనేగా కొనేది!" అని భర్త పెద్దగా నవ్వాడు. "నాకు ఎక్కడినుంచి వస్తోందో కచ్చితంగా తెలియాలి. ఆ సూటివే ఇవ్వండి."

"మేడమ్ గారు ఏమంటారు?"

"ఆవిడకి ఏది పెట్టినా ఒకటే," అన్నాడు భర్త. సంచీ ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంది ఆమె.

బిగించడానికి వచ్చినతను సన్నగా, చెవి సందున పెన్సిలుతో, తన పనేదో తాను చూసుకునే మనిషి. సోఫాను వెనకగోడకు ఆనించొద్దన్నాడు. ఆనిస్తే వెనకవైపు ధ్వని పలకదట. పక్క స్పీకర్లు కూర్చున్న మనిషికి రవ్వంత వెనగ్గా, చెవికంటే కాస్త ఎత్తులో ఉండాలట. భర్త ఫోను మాట్లాడుతూ వరండాలోకి వెళ్ళాడు. "ఒక్కసారి మీరు కూర్చోండమ్మా, గుర్తు పెట్టుకుంటాను," అన్నాడతను. ఆమె సంకోచిస్తూ సోఫా మధ్యలో కూర్చుంది. ఆ గదిలో ఆమె తీరిగ్గా కూర్చోవడం అదే మొదలు. మూడేళ్ళూ ఆ గదిలో వంగింది, లేచింది, నిలబడింది, తిరిగింది. కూర్చోలేదు. అతను ఆమె చెవికి సూటిగా గోడమీద గీత గీస్తూ ఉండగా భర్త వచ్చాడు.

"అయ్యో, ఆవిడ చెవికి ఎందుకండీ! నాకు పెట్టండి. ఆవిడ ఎటూ కూర్చోదు."

ఆమె లేచింది. పాత గీత చెరిగిపోయి, దానికి జానెడు ఎత్తున కొత్త గీత పడింది. కుడివైపు స్పీకరు కిటికీ పక్కకు వెళ్ళింది. ఎడమవైపుది సరిగ్గా అత్తగారి తలదిండు ఉండే చోటుకి పైన వచ్చింది. ఆమె ఏదో అనబోయింది. ఏమంటుంది? గోడకు రంధ్రం పెడుతున్న మోతలో అన్నా వినబడదు.

పనంతా అయ్యాక ఒక్కొక్క స్పీకర్లోనూ వరసగా "హుష్" మని గాలిలాంటి చప్పుడు పలికించాడు అతను. ముందు ఎడమ, ముందు కుడి, వెనక కుడి, వెనక ఎడమ. భర్త మధ్యలో కూర్చుని, కళ్ళు మూసుకుని, తల కొంచెం ఎత్తి వింటున్నాడు. ఆమె రెండు గ్లాసుల టీతో గుమ్మంలో నిలబడింది.

"ఆ ఎడమవైపు వెనకది కొంచెం తగ్గింది," అన్నాడు భర్త కళ్ళు తెరవకుండానే.

"రెండూ సమంగానే పెట్టాను సార్."

"లేదు. వెంట్రుకవాసి తక్కువ. చూసుకోండి."

అతను చేతిలోని కొలత పరికరం అటు తిప్పి చూశాడు. నిజంగానే తగ్గింది. సరిచేసి, నవ్వుతూ తల ఊపాడు. "మీవి పాముచెవులు సార్. ఇంత తేడా మాలో కూడా అందరికీ దొరకదు."

భర్త మొహం వికసించింది. "చిన్నప్పటినుంచీ అంతే. పక్కగదిలో ఆకు కదిలినా నాకు మెలకువే. ఎంత నిద్రలో ఉన్నా సరే. శాపమనుకోండి!"

ఆమె వచ్చి గ్లాసులు బల్లమీద పెట్టింది, "చక్కెర సరిపోయిందా?" అని అడిగింది, వంటింట్లోకి వెళ్ళింది. పంపు తిప్పి, అంట్లేమీ లేని సింకులోకి నీళ్ళు పోతుంటే చూస్తూ నిలబడింది. పక్కగదిలో ఆకు కదిలినా. గోడ అవతల తల్లి "చంటీ" అంటే. ఆమెకు కోపం వెంటనే రాలేదు. ముందుగా గుర్తొచ్చింది గోడవైపు తిరిగిన ఆ వీపు. నిద్రపోయే మనిషి వీపు అంత బిర్రుగా ఉంటుందా? ఎన్నిసార్లు ఆ వీపు మీదుగా దుప్పటి సర్ది వెళ్ళింది తను, పాపం చలి వేస్తుందేమోనని!

దాని తర్వాత ఇంకొకటి గుర్తొచ్చింది. ఆమె పంపు కట్టేసింది.

చివరి నెలల్లో ఒకరోజు అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని అడిగింది, "వాడు లేవలేదూ?" అని. ఎప్పటిలాగే ఆమె, "వినబడలేదు అత్తయ్యా," అంది. ఆవిడ చాలాసేపు కప్పుకేసి చూసింది. "చిన్నప్పుడు నేను గొళ్ళెం తీస్తే చాలు, ఆ చప్పుడుకే లేచి కూర్చుని ఏడ్చేవాడు. వీడికి తెలియకుండా పెరట్లోకి కూడా పోలేకపోయేదాన్ని," అని, మొహం గోడకు తిప్పుకుంది. ముసలితనం, ఏవో పాత ముచ్చట్లు అనుకుని ఆమె దుప్పటి కప్పి వచ్చేసింది.

ముచ్చట కాదది. ఆవిడకు తెలుసు. తన కొడుకు మెలకువగా ఉండి వింటున్నాడని తెలిసే ఆవిడ రోజూ పిలిచింది. నీళ్ళకోసం అయితే "అమ్మాయ్" అని ఉండేది. కోడలు ఎంత పరుగున వెళ్ళినా ఆ పిలుపు తీరలేదు, ఎందుకంటే అది కోడలికి వచ్చిన పిలుపే కాదు. ప్రతి రాత్రీ ఒక అబద్ధం పట్టుకెళ్ళి ఆవిడ దిండు పక్కన పెట్టి వచ్చింది తను. దాన్ని ఆవిడ నోరు విప్పకుండా మింగింది, కోడల్ని చిన్నబుచ్చకూడదనో, కొడుకు పరువు పోకూడదనో.

తర్వాతి రోజులన్నీ ఇంట్లో పండగలా గడిచాయి భర్తకు. స్నేహితులు వచ్చారు, వాళ్ళ భార్యలు వచ్చారు. వెనకనుంచి గుర్రాలు పరుగెత్తాయి, వాన కురిసింది, విమానాలు తలమీంచి పోయాయి. అందరూ ఆహా అన్నారు. ఆమె ప్లేట్లు తెచ్చింది, తీసింది. ఒక సినిమాలో ఎవరో మంచాన పడిన మనిషి మూలుగు ఎడమవైపు వెనకనుంచి సన్నగా వచ్చింది. ఆమె చేతిలో నీళ్ళ జగ్గు ఉంది. ఆలోచన కంటే ముందే రెండు అడుగులు అటు వేసి, గ్లాసులో నీళ్ళు వంపి, ఖాళీగోడకు అందించబోయింది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత స్నేహితుడొకడు పగలబడి నవ్వాడు. "ఇదీ సౌండ్ సిస్టం అంటే! చెల్లెమ్మ స్పీకరుకి నీళ్ళిస్తోంది!" అందరూ నవ్వారు. భర్త కూడా నవ్వాడు, కాస్త గర్వంగానే.

అయితే ఆమె ఒకటి చూసింది. ఆ మూలుగుకు ఆమెకంటే ముందు తల తిప్పింది అతనే.

మరుసటి ఆదివారం, భోజనాలయ్యాక, అతను ఒక్కడే సినిమా చూస్తున్నప్పుడు ఆమె వెళ్ళి సోఫాలో అతని పక్కన కూర్చుంది. అతను వింతగా చూశాడు.

"కాస్త ఆపండి."

ఆపాడు. తెరమీద ఎవరిదో మొహం సగం మాటలో ఆగిపోయింది.

"అత్తయ్య పిలిస్తే మీకు వినబడేదా?"

"ఇప్పుడా మాటెందుకు?"

"వినబడేదా?"

రిమోటు చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "అప్పుడప్పుడు," అన్నాడు. ఆమె చూపు తిప్పలేదు. "సరే, రోజూ. అయితే ఏం?"

"మరి లేవలేదేం?"

అతను నిజంగా ఆశ్చర్యపోయాడు. ఇందులో అడగడానికి ఏముందన్నట్టు ఆమె మొహంలోకి చూసి అన్నాడు:

"నువ్వు లేచేదానివిగా."

ఆమె ఇంకా తనవైపే చూస్తూ ఉండడం అతను భరించలేకపోయాడు. "నేనెళ్ళి చేసేదేముంది? ఆడమనిషికి కావలసినవి నాకేం తెలుస్తాయి? నీకంటే అలవాటు. లేచి వెళ్తావు, పని చేస్తావు, వచ్చి పడుకుంటావు, అయిపోయింది. నా సంగతి ఆలోచించావా? ఆ పిలుపు వింటూ కదలకుండా పడుకోవడం ఎంత నరకమో నీకేం తెలుసు?"

చివరి మాటకు అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది నటన కాదు. అతను తనమీద తాను జాలిపడుతున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతని కళ్ళు తడిసినప్పుడల్లా ఆమె చెయ్యి దానంతటదే అతని భుజంమీదకి వెళ్ళేది. ఆ చెయ్యి ఇప్పుడు ఆమె ఒళ్ళోనే ఉండిపోయింది. అది కదలలేదని ఆమెకు కూడా కొద్దిసేపటికి గానీ తెలియలేదు.

"ఆవిడకు తెలుసు," అంది. "మీరు మెలకువగా ఉన్నారని."

"ఎవరు చెప్పారు? నువ్వు చెప్పావా?"

"మీరు గొళ్ళెం చప్పుడుకే లేచి ఏడ్చేవారట. ఆవిడే చెప్పింది."

అతను రిమోటు నొక్కాడు. తెరమీద మొహం తన మాట ముగించింది. అదేమిటో ఇద్దరూ వినలేదు.

ఆరోజు తర్వాత ఆమెకు పిలుపు ఆగిపోయింది. పంపు కట్టేస్తే పంపు కట్టేసిన నిశ్శబ్దమే ఉంది. కొన్నాళ్ళు ఆమె నమ్మలేదు, పనిగట్టుకుని చెవి ఒగ్గింది కూడా. ఏమీ లేదు. ఎవరిదో బరువైన మూట ఇన్నాళ్ళూ మోసి, సొంతదారుడి గుమ్మంలో దించేసి వచ్చినట్టుంది.

అతనికే ఏదో మొదలయింది. సినిమా మధ్యలో ఆపి ఎడమవైపు తిరిగి చూసేవాడు. బిగించినతన్ని మళ్ళీ పిలిపించాడు. "అన్నీ ఆపేసినా అందులోంచి ఏదో వస్తోందండీ," అన్నాడు. అతను స్పీకరు విప్పి, తీగలు మార్చి, తన చెవి ఆనించి విన్నాడు. "ఏం లేదు సార్." మర్నాడు భర్త ఆ స్పీకరుకు తీగే పీకేశాడు. అయినా సాయంత్రాలు ఆ గదిలో దీపం వేసుకుని, ఏ బొమ్మా పెట్టకుండా, మెడ కొద్దిగా పక్కకు వాల్చి కూర్చునేవాడు. టీ ఇవ్వడానికి వెళ్ళిన ఆమె ఆ మెడను చూసేది. ఆమె మెడ ఏళ్ళతరబడి అలాగే ఉండేది. పాపమనిపించింది. అనిపించినా, గ్లాసు బల్లమీద పెట్టి బయటికి వచ్చేసేది.

"ఇవాళ త్వరగా పడుకుందాం, నువ్వు కూడా వచ్చెయ్," అనడం మొదలుపెట్టాడు. ఆమె వంటిల్లు సర్దుకుని వెళ్ళేదాకా పడకగదిలో లైటు ఆర్పేవాడు కాదు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంటే, "నిద్రపోయావా?" అని రెండుమూడుసార్లు అడిగేవాడు.

ఆ నెలాఖరున ఆస్పత్రిలో ఇన్‌చార్జి అందర్నీ పిలిచి కూర్చోబెట్టింది. అత్యవసర విభాగం పక్కన రాత్రంతా తెరిచి ఉండే మందుల కౌంటరు పెడుతున్నారు. దాని బాధ్యత తీసుకునే మనిషి కావాలి. స్టోరు కూడా ఆ మనిషి చేతికిందే ఉంటుంది. ఎవరి ఇబ్బంది వాళ్ళు చెప్పుకొచ్చారు. పిల్లలు, చదువులు, బస్సులు. ఇన్‌చార్జి చూపు ఆమెను అలవాటుగా దాటుకుని పక్క మనిషిమీదకి పోతుండగా, "నేను చేస్తాను," అంది ఆమె.

"రాత్రి డ్యూటీ అండీ. ఇంట్లో అడిగి చెప్పండి."

"అడగక్కర్లేదు. నాకే వేయండి."

ఇంటికొచ్చి, అన్నం వడ్డిస్తూ చెప్పింది. భర్త ముద్ద కలుపుతున్నవాడల్లా ఆగాడు. ముందు కోపం వచ్చింది. ఈ వయసులో ఇదేం పిచ్చి అన్నాడు. జనం ఏమనుకుంటారన్నాడు. నీ ఆరోగ్యం ఏం కావాలన్నాడు. దేనికీ ఆమె ఎదురు చెప్పలేదు, కూర వడ్డించింది. మాటలన్నీ అయిపోయాక అతని కళ్ళు ఆ గది తలుపు వైపు వెళ్ళి, వెంటనే కంచంలోకి దిగాయి. గొంతు చిన్నదయింది.

"అయితే రాత్రుళ్ళు ఈ ఇంట్లో నేనొక్కణ్ణే ఉండాలా?"

ఆమె మంచినీళ్ళ గ్లాసు అతని కంచం పక్కన పెట్టింది.

"ఒక్కరే ఎందుకవుతారు?" అంది.